మూడుసార్లు పెంచిన నడుము

"లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావే?" అన్నాను, మా అమ్మాయి చెప్పులు వేసుకుంటుంటే.

"లోపల కూర్చుని నీకు ఫోన్ చేస్తా. నువ్విక్కణ్ణుంచి గాలి పంపించు."

"నవ్వులాట కాదే. మొన్నెక్కడో ఇద్దరు ఇరుక్కుపోయారట."

"ఆ ఇద్దరూ బయటికొచ్చారు కూడా. ఆ ముక్క మాత్రం నీకెవరూ చెప్పరేం?"

దాన్ని ఇంట్లో అందరం పొట్టి అంటాం. ఇప్పుడు నాకంటే జానెడు పొడుగు. పందొమ్మిదేళ్ళు. ఓ పెద్ద భవనంలో నాలుగో అంతస్తున కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. అక్కడ నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకోవాలి. గడప దాటబోయినదల్లా వెనక్కొచ్చి, రెండో ప్యాంటు తెచ్చి నా మిషను మీద పడేసింది.

"దీనికి కాస్త నడుము పెంచమ్మా. కూర్చుంటే కోసుకుంటోంది."

"తిన్నదంతా నడుముకే పడుతోందా?"

"నీ చేతి వంట మహిమ," అని వెళ్ళిపోయింది.

ఆ రోజు సాయంత్రం అది ఇంటికొచ్చేదాకా నేను లిఫ్టు గురించే భయపడ్డాను. ప్యాంటు గురించి భయపడాలని నాకు తట్టలేదు.

నేను బట్టలకు మార్పులు చేస్తాను. కొత్తవి కుట్టను. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, గోడకు రెండు కొక్కేలు, ఓ బల్ల, అంతే నా షాపు. చదివింది ఏడో తరగతి. అయినా అంగుళాలూ అరంగుళాలూ నోటిమీద ఉంటాయి. పెంచు అనే మాట రోజుకు ఇరవైసార్లయినా వింటాను. లావయ్యానని ఎవరూ ఒప్పుకోరు. "కాస్త పెంచండి" అంటారు, తప్పంతా ఆ గుడ్డదే అయినట్టు. చేతులు పెంచు, పొడుగు పెంచు, మెడ పెంచు. మిషను చప్పుడులో వినబడక మా ఆయన లోపలి గదిలోంచి టీవీ సౌండు పెంచమని కేకేస్తారు. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ నేను పిల్లని గారాబంగా పెంచుతున్నానని దెప్పేది. పొట్టికి ఆరేళ్ళప్పుడు మిషను కింద కూర్చుని ఇవన్నీ విని, "అమ్మా, గుడ్డనీ నన్నూ ఒక్కలాగే పెంచుతావా?" అని అడిగింది. "గుడ్డని పెంచితే మళ్ళీ తగ్గించొచ్చే. నిన్ను కుదరదు" అన్నాను. ఆ మాటకది మురిసిపోయింది.

మా పక్క గదిలో ఇస్త్రీ చేసే ఆవిడ ఉంటుంది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నేను ఇస్త్రీ అక్క అంటాను. నేను సరిచేసిన బట్టలు ఆవిడ దగ్గరికి, ఆవిడ దగ్గర చిరిగిన బట్టలు నా దగ్గరికి. ఆవిడ నోటికి పెట్టె కంటే వేడెక్కువ.

"నీకొచ్చిన విద్య ఒక్కటే," అంటుంది. "పెంచడం. గుడ్డని పెంచుతావు, పిల్లని పెంచావు, దిగులు పెంచుతావు. గుడ్డకైతే లోపల కాస్త వదలాలి. నీ దిగులుకి అదీ అక్కర్లేదు, ఎంతైనా సాగుతుంది."

"కీడెంచి మేలెంచమన్నారు కదక్కా."

"నువ్వు కీడెంచి అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటావు."

నిజమే. నేనలాంటిదాన్నే. గుమ్మంలో ఎవరైనా గట్టిగా చెప్పులు విడిచినా నాకు గుండె దడ. ఫోను మోగితే ముందు ఆస్పత్రి గుర్తొస్తుంది, తర్వాతే మనుషులు. ఇన్ని భయాల మధ్య బతికినదాన్ని, అసలైంది కళ్ళముందుకు వస్తే గుర్తుపట్టలేనా అనుకునేదాన్ని.

ఆ ప్యాంటు నడుము ఇరవై ఎనిమిది. వెనక కుట్టు బ్లేడుతో విప్పి అంగుళం పెంచాను. తెలిసినవాళ్ళు కుట్టిన బట్టకు మడత లోపల గుడ్డ వదిలి ఉంటుంది, ఎప్పుడైనా పెంచుకోవడానికి. మా అమ్మాయి బట్టలకు నేను చెప్పి మరీ రెట్టింపు వదిలిస్తాను. పని కాగానే కొలతల పుస్తకంలో రాసుకున్నాను. ఖాతాదార్లందరికీ తలా ఒక పేజీ ఉన్నట్టే దానికీ ఉంది, ఐదో ఏటి నుంచి. తేదీ, పాత కొలత, కొత్త కొలత.

మూడు వారాలు తిరిగాయో లేదో మళ్ళీ తెచ్చింది. ఈసారి ఏం జోకు వేయలేదు. "ఇంకాస్త పెంచాలమ్మా" అంది. అంగుళంన్నర పెంచాను. రాసుకున్నాను. చేతిలో పని చేతిలో ఉండగానే ఏదో తేడాగా అనిపించింది. అదే వారం దాని చొక్కా ఉతికి ఆరేస్తుంటే భుజాలు వదులయ్యాయని చూశాను. మొహం పీక్కుపోయింది. చేతికి బిగుతుగా ఉండే గడియారం జారి మోచేతి దాకా వెళుతోంది. మనిషి చిక్కుతోంది, నడుము పెరుగుతోంది.

ఇంకో నెలకు మూడోసారి. లోపల వదిలిన గుడ్డంతా అయిపోయింది. ఇక పెంచాలంటే ముక్క వేయాలి. నల్లగుడ్డ ముక్క కోసం సంచీ వెతుకుతూ వెతుకుతూ అలా నేలమీద కూలబడ్డాను.

నా పనిలో నాకో గర్వం ఉంది, ఇప్పుడు చెప్పుకోడానికి నోరు రావడం లేదు. పెళ్ళయిన ఆడపిల్లలు నెలనెలా నడుము పెంచమని వస్తారు. ఆ పిల్ల మొగుడికి చెప్పకముందే నాకు తెలిసిపోతుంది. ఇస్త్రీ అక్కతో పందెం వేసేదాన్ని. ఒక్కసారీ ఓడలేదు. "టేపు అబద్ధం చెప్పదక్కా" అనేదాన్ని మెడలో టేపు సవరించుకుంటూ.

అదే టేపు ఇప్పుడు నా కూతురి గురించి చెబుతోంది అనుకున్నాను. చేతికందిన ముక్క వేసి ప్యాంటు ఇచ్చేశాను. మా ఆయనకు చెప్పలేదు, అక్కకు చెప్పలేదు. మూడు రోజులు ముద్ద దిగలేదు. పొట్టి ఎవరితో ఫోన్లో నవ్వినా చెవులు రిక్కించాను. షాపు నుంచి పావుగంట లేటైతే ఆ పావుగంటకు ఒక మొహం, మీసం, మోటార్ సైకిలు తగిలించాను. లేని మనిషిని నేనే పుట్టించి, నేనే పెంచి పెద్దచేశాను.

నాలుగో రోజు ఆదివారం. మధ్యాహ్నం మూడింటప్పుడు నేను మిషను దగ్గర ఉన్నాను. అది గుమ్మంలో నిలబడింది. పెదాలెండిపోయి ఉన్నాయి.

"అమ్మా, ఖాళీగా ఉన్నావా?"

"నేనూ నీతో మాట్లాడాలి. ఇలా రా. నించో."

దాని నడుము చుట్టూ టేపు వేశాను. ముప్ఫై రెండు. దాటింది కూడా. టేపు రెండు కొసలూ పట్టుకుని వదల్లేదు.

"ఎవడు వాడు?" అన్నాను.

"ఎవరు?"

"నాకా నాటకాలు? ఇరవయ్యేళ్ళుగా ఊళ్ళో నడుములన్నీ కొలిచిన చేతులివి. ఎన్నో నెల?"

అది నన్ను చూసింది. అలాంటి చూపు నేనెప్పుడూ చూడలేదు. కొట్టడానికి చెయ్యెత్తితే పిల్లలు కళ్ళు మూసుకుంటారు. ఇది మూసుకోలేదు. నా మాటల దెబ్బ పడుతున్నంతసేపూ కళ్ళు తెరుచుకునే ఉంది.

"నోరు పడిపోయిందా? నిన్నిలాగేనా నేను పెంచింది?"

నా చేతుల్లోంచి టేపు విడిపించుకుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి మిషను మీద ఉంచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు కూడా గట్టిగా వేయలేదు. గట్టిగా వేసి ఉంటే బాగుండేది.

ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తింటుంది, నాలుగు మెతుకులు. అడిగితే తలూపుతుంది. వాళ్ళ నాన్నతో మామూలే. "నాన్నా, అమ్మనడుగు సబ్బెక్కడుందో" అంటుంది, నేను పక్కనే ఉండగా. ఆయనకది తమాషాగా ఉంది. "ఏంటి, తల్లీకూతుళ్ళ మధ్య నన్ను పోస్ట్‌మాన్ చేశారు?" అని నవ్వి టీవీ సౌండు పెంచుకున్నారు.

ఐదో రోజుకు తట్టుకోలేక ఇస్త్రీ అక్కకు చెప్పేశాను. ఆవిడ పెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపింది. ఆవిడ పని మధ్యలో స్విచ్చి ఆపడం అదే మొదటిసారి చూశాను.

"చెప్పిందా అది? ఔనందా?"

"ఏమీ అనలేదు."

"మరి నీకెవరు చెప్పారు?"

"టేపు..."

"టేపుకి నోరుందా? నడుమెంతో చెబుతుంది గానీ ఎందుకో చెబుతుందా? పిల్ల మొహం చూశావా నువ్వు? పసుప్పచ్చగా ఉంది. మొన్న మెట్ల మీద కడుపు పట్టుకుని కూర్చుంటే నేను చూశాను. ఏంటమ్మా అంటే గ్యాస్ పెద్దమ్మా అంది. రేపు డాక్టరు దగ్గరికి పద."

అప్పటికీ నా బుర్ర దారికి రాలేదు. ఎన్నో నెలో తేలిపోతుంది, తేలితే ఏం చేయాలో చూడొచ్చు అనుకునే బయల్దేరాను. పొట్టి మారుమాట లేకుండా వచ్చింది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. గుంతలో చక్రం పడ్డప్పుడల్లా పెదవి కొరుక్కుంది. పక్కన కూర్చుని అదీ చూశాను. సిగ్గనుకున్నాను.

డాక్టరమ్మ పొట్టిని బల్ల మీద పడుకోబెట్టి కడుపు నొక్కి చూసింది.

"నొప్పుందా?"

"ఉందండి."

ఆరు రోజుల తర్వాత దాని గొంతు అంత దగ్గరగా విన్నాను. నాతో కాదు.

"ఎన్నాళ్ళుగా?"

"కొన్నాళ్ళుగా."

"ఎన్నో నెలో చెప్పండి డాక్టరుగారూ, చాలు," అన్నాను మధ్యలో. ఆవిడ నా వైపు చూడలేదు. చీటీ రాసి స్కానింగ్‌కు పంపింది.

స్కానింగ్ గది చల్లగా, చీకటిగా ఉంది. అక్కడ పనిచేసే ఆవిడ పొట్టి కడుపు మీద జిగురులాంటిదేదో రాసి, చేతిలో ఉన్నదాన్ని అటూ ఇటూ జరుపుతోంది. నన్ను ఓ మూల స్టూలు మీద కూర్చోమన్నారు గానీ నేను కూర్చోలేదు. తెర మీద బూడిదరంగు మసక. అందులో చిన్న తల కోసం వెతికాను. చేతులూ కాళ్ళ కోసం వెతికాను. చెప్పకూడదు గానీ, వెతుకుతూ వెతుకుతూ, పోలిక ఎవరిదో అని కూడా అనుకున్నాను.

ఆవిడ చెయ్యి ఓ చోట ఆగిపోయింది. ఇంటర్‌కమ్‌లో డాక్టరమ్మను పిలిచింది. డాక్టరమ్మ వచ్చి తెర దగ్గరగా వంగింది.

"ఆ అంచు దగ్గర కాస్త పెంచు. ఇంకా. ఇంకొంచెం పెంచు."

తెరంతా ఓ నల్లటి గుండ్రం నిండిపోయింది. అందులో తలా లేదు, చేతులూ లేవు.

"కడుపు కాదమ్మా," అంది డాక్టరమ్మ నాతో. "ఇందులో బిడ్డ లేదు."

"హమ్మయ్య!" అన్నాను.

పైకే అన్నాను. రెండు చేతులూ జోడించి మరీ అన్నాను. బల్ల మీద పడుకున్న పొట్టి తల తిప్పి గోడ వైపు పెట్టుకుంది.

డాక్టరమ్మ తెర మీది ఆ నల్లటి గుండ్రం చుట్టూ వేలు తిప్పి చూపించింది.

"అండాశయం మీద గడ్డ ఉంది. మీ రెండు పిడికిళ్ళు ఇలా కలిపి చూడండి. దానికంటే పెద్దది. మెలిక పడటం మొదలైనట్టుంది. ఇవాళే చేర్చుకోవాలి. రేపు పొద్దున ఆపరేషన్."

నా పిడికిళ్ళు కలిపే ఉన్నాయి, దణ్ణం పెట్టిన చేతులు అలాగే ముడుచుకుపోయాయి. వాటిని చూసుకున్నాను. ఇంతదా? నా పిల్ల కడుపులో? అప్పుడు కూర్చున్నాను స్టూలు మీద.

"ఎన్నాళ్ళ నుంచి పెరుగుతోందో తెలిస్తే మంచిది. ఈమధ్య ఒళ్ళేమైనా తేడాగా కనబడిందా?"

నా సంచీలో కొలతల పుస్తకం ఉంది. ఎక్కడికి వెళ్ళినా ఉంటుంది. తీసి మా పొట్టి పేరున్న పేజీ తెరిచి ఇచ్చాను. ఏ తేదీకి అంగుళం, ఏ తేదీకి అంగుళంన్నర, అన్నీ నా చేతిరాతతో, వంకరటింకర అంకెలతో. డాక్టరమ్మ వేలు పెట్టి కింద దాకా చదివింది.

"ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పరమ్మా," అంది. తర్వాత నా మొహంలోకి చూసింది. "ఇంత కచ్చితంగా తెలిసి, అప్పుడే ఎందుకు తీసుకురాలేదు?"

నేనేం చెప్పాలి? నా బిడ్డ కడుపులో చావు పెరుగుతుంటే, దానికి చోటు చాలడం లేదని మూడుసార్లు కుట్టు విప్పి ఇచ్చానని చెప్పనా? వచ్చింది చావని తెలియక, పుట్టుక అనుకుని తిట్టానని చెప్పనా? పుస్తకం తీసుకుని సంచీలో పెట్టుకున్నాను.

మా ఆయన పరుగున వచ్చారు, చొక్కా గుండీలు ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా పెట్టుకుని. వరండాలో అంతా చెప్పాను. ఏదీ దాచలేదు. "ఎవడు వాడు" అన్నమాటా, "హమ్మయ్య" అన్నమాటా చెప్పాను. తిడతారనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను. ఆయన బెంచీ మీద నాకు ఆ చివరన కూర్చున్నారు. మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత చోటు. ఎంతోసేపటికి, "ఐదు రోజులు నా చేత సబ్బెక్కడుందో అడిగించింది. నేను నవ్వాను" అన్నారు.

మర్నాడు ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. ప్రతి చిన్నదానికీ ప్రాణం మీదికి తెచ్చుకునేదాన్ని, ఆ నాలుగు గంటలూ నాకు ఒక్క భయమూ రాలేదు. భయపడటం మర్చిపోయినట్టు ఖాళీగా కూర్చున్నాను. ఇస్త్రీ అక్క వచ్చి నా చేతిలో టీ గ్లాసు పెట్టి, అది చల్లారాక తీసుకుపోయి, మళ్ళీ వేడిది తెచ్చింది. ఒక్క ఎత్తిపొడుపు మాటైనా అనలేదు. ఆవిడ అనకపోవడమే నాకు భరించలేనిదైంది.

సర్జను బయటికొచ్చి, గడ్డ తీసేశామన్నాడు. దాంతోపాటు ఒక అండాశయం కూడా తీయాల్సి వచ్చిందట. పరీక్షకు పంపారు. వారానికి ఫలితం వచ్చింది, ప్రమాదకరమైనది కాదని. ఇంకో పది రోజులు ఆగి ఉంటే లోపలే పగిలేదని కూడా చెప్పారు.

బతికింది. అది బతికింది. కానీ నాకు మిగిలిందో లేదో తెలియలేదు.

తెలివి వచ్చాక వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది. నర్సుతో మాట్లాడింది. ఇస్త్రీ అక్క వస్తే, "పెద్దమ్మా, నా దుప్పటి ముడతలు చూశావా? ఇక్కడో పెట్టె తెచ్చిపెట్టు" అంది. అక్క నవ్వి, చీదుకుని, "ఇప్పుడు నవ్వించకే, కుట్లు ఊడతాయి" అంది. అందరూ నవ్వారు. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. నా వైపు రాకుండా దాని చూపు తలగడ మీదికి జారిపోయింది.

రోజూ నేనే ఉన్నాను. మూతి తుడిచాను, తల దువ్వాను, బాత్రూం దాకా నడిపించాను. నా భుజం పట్టుకుని నడిచేది, బరువంతా వేసేది. మాట మాత్రం లేదు. నొప్పి ఎక్కువైందని నర్సుతో చెప్పేది. నర్సు మందు కాస్త పెంచి, "అమ్మకు చెప్పు, ఏం కావాలన్నా చూస్తుంది" అనేది. సరేనని తలూపేది.

పదకొండో రోజు మధ్యాహ్నం. అక్క ఇంటికెళ్ళింది, ఆయన పనికెళ్ళారు. ఎదుటి మంచం ముసలమ్మ గురక పెడుతోంది. కిటికీలోంచి ఎండ మంచం సగం దాకా వచ్చింది. పొట్టి వెల్లకిలా పడుకుని పైకప్పు వైపు చూస్తోంది. దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తూ, అడగకూడదని పది రోజులుగా బిగబట్టినది అడిగేశాను.

"పొట్టీ, నొప్పి మొదలైనప్పుడే నాతో ఎందుకు చెప్పలేదే?"

దువ్వెన పక్కన పెట్టాను.

"నేనన్నది క్షమించమని అడగడం లేదు. అది అడిగే మొహం నాకు లేదు. ఇది ఒక్కటీ చెప్పు. తల్లిని కదా నేను. నాతో ఎందుకు చెప్పలేదు?"

వరండాలో మందుల బండి కిర్రుకిర్రుమంటూ వెళ్ళింది. చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చింది. సీసాలో మందు చుక్కలు చుక్కలుగా పడుతోంది. ముసలమ్మ లేచి నీళ్ళు తాగి మళ్ళీ పడుకుంది. ఎండ మంచం మీద నుంచి జరిగి నేల మీదికి దిగింది. ఇక చెప్పదు. చెప్పకపోవడమే దాని జవాబు, జీవితమంతా ఇంతే అనుకున్నాను. చెంబు తీసుకుని నీళ్ళ కోసం లేచాను.

"చెబుదామనే రెండుసార్లు వచ్చానమ్మా."

చెంబు చేతిలోనే ఉంది. వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు.

"మొదటిసారి నువ్వు ఏడుస్తున్నావు. నాన్న రావడం పది నిమిషాలు లేటైందని. కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మంలో కూర్చున్నావు. పది నిమిషాలకే ఇలా అయిపోతే, కడుపులో గట్టిగా ఏదో తగులుతోందని చెబితే నువ్వేమైపోతావో, నేనొక్కదాన్ని నిన్నెలా పట్టుకోవాలో తెలీలేదు. నాన్న వచ్చాక నవ్వావు. ఇవాళ్టికి నవ్వనీలే అనుకున్నా."

మాట మాటకీ ఆగుతోంది. కుట్లు లాగుతున్నట్టున్నాయి.

"రెండోసారి?" అన్నాను.

"రెండోసారి ఆదివారం. ఖాళీగా ఉన్నావా అని అడిగా."